తవిటమ్మ నామార్థ విచారణ

మా ఊళ్ళో ఆడపిల్లకు పేరు పెట్టడం ఒకప్పుడు బారసాలతో తేలిపోయే పని. పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాసి, పిల్ల చెవిలో ఊది, అందరూ భోజనాలకు లేచేవారు. ఇప్పుడది పురపాలక సంఘం పని. ఆఫీసు మేడ మీద, ఇదివరకు దోమల నివారణ విభాగం ఉండే గదిలో, నామార్థ చరిత్ర నిర్ధారణ విభాగం వెలిసింది. దోమలు మాత్రం గది ఖాళీ చెయ్యలేదు.

దీనంతటికీ మూలం మా చైర్‌పర్సన్ గారి మనవరాలు. ఆ పిల్లకు త్రిహాన్విక అని పేరు పెట్టారు. బారసాలకు వచ్చిన పెద్దాయనొకడు పాయసం గిన్నె పట్టుకుని, "పేరు బాగుందమ్మా, అంటే ఏమిటి?" అన్నాడు. పాపం, ఊరికే అడిగాడు. పిల్ల తల్లి ఫోన్ చూసి "లక్ష్మీదేవి చిరునవ్వు" అంది. పిల్ల తండ్రి తన ఫోన్ చూసి "తొలి వానచినుకు" అన్నాడు. పిన్నిగారి ఫోన్లో మాత్రం అది ఏదో చలిదేశంలో మగపిల్లలకు పెట్టే పేరని ఉంది. అక్కడ మొదలైన గొడవ విస్తళ్ళ దాకా వచ్చింది. మరుసటి సమావేశంలో చైర్‌పర్సన్ గారు, తన ఇంట్లో జరిగింది ఊళ్ళో ఇంకెవరింట్లోనూ జరగకూడదని కంటతడి పెట్టుకుని, తీర్మానం పెట్టారు.

"ఇకమీదట పట్టణ పరిధియందు జన్మించు ప్రతి బాలిక యొక్క నామమునకు అర్థమును, చరిత్రను సాక్ష్యాధారములతో రుజువు చేయనిదే జనన ధ్రువీకరణ పత్రము జారీ చేయబడదు. గడువులోగా రుజువు చేయలేనివారి శిశువులకు విభాగమే తగు నామమును కేటాయించును."

మగపిల్లల సంగతేమిటని ప్రతిపక్ష సభ్యుడొకాయన లేచి అడిగాట్ట. వాళ్ళ పేర్లకు అర్థం ఉంటుందని ఎవరూ ఆశించడం లేదు, కూర్చోమన్నారట.

విభాగానికి ప్రాధికారిగా ఓలేటి వాచస్పతి గారు వచ్చారు. కోనసీమ మనిషి. తెల్లచొక్కా, బొద్దు మీసం, మాట్లాడితే గెజిట్ చదువుతున్నట్టుండేది. ఇంటి దగ్గర కాఫీ కూడా "పంచదార స్వల్పముగా" అని అడుగుతాడని చెప్పుకునేవారు. ఆయన వచ్చిన నెలలోనే విభాగం జోరందుకుంది. గడువు దాటిన పిల్లలందరికీ ఆ నెల కేటాయింపు పేరు మేధస్విని. మా వీధిలోనే నలుగురు మేధస్వినులు తేలారు. ఒక తల్లి "మేధస్వినీ, లాలీ" అని ఊయల ఊపితే మిగతా ముగ్గురు తల్లులూ మా పిల్లను నువ్వెందుకు నిద్రపుచ్చుతున్నావని కిటికీలోంచి తొంగి చూసేవారు.

అంతటితో ఊరుకుంటే అది ఆఫీసు ఎందుకవుతుంది? పాత పేర్ల పునఃపరిశీలన కూడా మొదలుపెట్టారు. పేరుంది సరే, మనిషి దానికి తగ్గట్టు ఉందా అని. బస్సు ఆపకుండా పోయిన కండక్టర్ మీద కేకలేసినందుకు శాంత టీచరుకు నోటీసు వచ్చింది. ఆవిడ మేడెక్కి, ఎందుకిచ్చారో చెప్పమని ఇంకా గట్టిగా కేకలేసింది. దాంతో నోటీసు ఖాయమైంది. ఆదివారం మెస్సుకు సెలవిచ్చిన అన్నపూర్ణమ్మను సంజాయిషీ అడిగారు. సుహాసిని అనే పోస్టాఫీసు ఉద్యోగిని ఆధార్ కార్డు ఫొటోలో నవ్వలేదని తేలి, ఆవిడ చేత వాయిదాల పద్ధతిలో నవ్వించారు.

ఇవన్నీ విని నేను కడుపుబ్బ నవ్వుకున్నాను. ఎవరి మెడకో చుట్టుకున్నది ఎంతసేపూ తమాషాగానే ఉంటుంది.

నా పేరు కోరాడ సన్యాసిరావు. బస్టాండు వెనక మోటార్లకు, ఫ్యాన్లకు వైండింగ్ చుడతాను. మా అమ్మ పేరు తవిటమ్మ. నా భార్య హైమావతి. హైమకు ఇదివరకు రెండు కాన్పులయ్యాయి. రెండుసార్లూ ఊయల అటక మీంచి దిగలేదు. మూడోసారి పుట్టిన పిల్ల నెలలు నిండకుండా వచ్చి, ఆస్పత్రిలో అద్దాలపెట్టెలో గొట్టాల మధ్య పడుకుని, మా అందరి ప్రాణాలూ తోడేసి, చివరికి ఇల్లు చేరింది. మోటారు ఆగితే ఎందుకాగిందో చెప్పగలను గాని, ఆ పిల్ల ఊపిరి ఎలా ఆడిందో నాకిప్పటికీ తెలీదు.

హైమ ఫోన్లో పేర్లు దాచుకుని ఉండేది. చాలా ఉండేవి, అన్నీ విస్సుమని, హిస్సుమని పలికేవే. పిల్ల ఇంటికొచ్చిన రోజు అన్నీ తీసిపారేసి, "అత్తా, దీనికి నీ పేరే" అంది. ఆ పేరు కోసం వారం రోజులు అలగాలని సిద్ధమై కూర్చున్న మా అమ్మ, అలగడానికి అవకాశం లేక ఆ పూటంతా చిరాకు పడింది.

తవిటమ్మ అంటే మా వైపు కొత్త పేరు కాదు. ప్రతి వీధికీ ఒక తవిటమ్మో, తవిటయ్యో ఉంటారు. అదెందుకు పెడతారో మా వైపు తెలియనివాళ్ళు లేరు. తెలియనివాళ్ళందరినీ ఏరి మా విభాగంలో వేసినట్టున్నారు.

హైమ పిల్లనెత్తుకుంది. నేను కాగితాలెత్తుకున్నాను. మేడెక్కాం.

"దరఖాస్తుదారుని నామధేయము?" అన్నారు వాచస్పతి గారు.

"కోరాడ సన్యాసిరావండి."

ఆయన కలం ఆపి నావైపు, హైమవైపు, పిల్లవైపు వరసగా చూశారు. "సన్యాసి. అనగా సర్వసంగ పరిత్యాగి. పక్కనున్న స్త్రీ ఎవరు?"

"నా భార్యండి."

"ఒడిలోని శిశువు?"

"నా పిల్లేనండి."

"ఇది తీవ్రమైన అతిక్రమణము. ఐనను తమరు పురుషులు గనుక మా పరిధిలోనికి రారు. అదృష్టవంతులు. శిశువు నామము చెప్పుడు."

"తవిటమ్మ."

ఆయన వెనకున్న లావుపాటి నిఘంటువు దించి, వేలు తడుపుకుంటూ పేజీలు తిప్పి చదివారు. "తవుడు. బియ్యమును దంచగా రాలు పొడి. పశువుల మేత." నిఘంటువు మూశారు. "ఇందులో గౌరవము ఏ భాగమున ఉన్నదో తెలుపుడు."

"గేదెలకు చాలా ఇష్టమండి," అన్నాను. ఏదో ఒకటి చెప్పాలి కదా.

"గేదెల అభిప్రాయము పశుసంవర్ధక శాఖ తీసుకొనును. అర్థము హీనము. తిరస్కరించుచున్నాము. కావలెనన్న ఇదే అర్థమునకు సమీపమున ధాన్యశ్రీ, తండులిక అను నామములు ఉన్నవి. లేనిచో వచ్చే శుక్రవారముతో మీ గడువు తీరును. తదుపరి కేటాయింపు మేధస్విని."

అంతవరకూ మాట్లాడని హైమ అప్పుడు అంది: "అర్థం కావాలా సార్? ఈ పిల్ల బతకాలి. అదే అర్థం. ఇద్దరు పోయాక పుట్టింది సార్ ఇది. ఇంకో పేరు పెట్టి పిలవాలంటే నాకు భయంగా ఉంది."

వాచస్పతి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మనసు కరిగిందనుకున్నాను.

"అది అర్థము కాదమ్మా, ఆకాంక్ష," అన్నారాయన. "ఆకాంక్షలు సంక్షేమ విభాగము వారు చూచెదరు. కింద, ఎడమవైపు."

నా ఒళ్ళు మండిపోయింది. ఆ నిఘంటువు తీసి ఆయన నెత్తిన పెడదామా అన్నంత కోపం వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడ్డ అటెండరు దాలినాయుడు నా చొక్కా పట్టుకు లాగి, "సార్, అర్తం బాగోపోతే సరిత్ర సూపించొచ్చు గదా, రూల్లో ఉంది," అన్నాడు. ఇంతకుముందు వచ్చినవాళ్ళకు చదివి వినిపించీ వినిపించీ రూల్సన్నీ వాడికి నోటికొచ్చేశాయి.

"ఉన్నది," ఒప్పుకున్నారు వాచస్పతి గారు, కాస్త నొచ్చుకుంటూ. "అర్థము హీనమైనను చరిత్ర ఘనమైనచో అనుమతింపవచ్చును. పూర్వ నామధారిణి ఎవరైన సజీవముగా ఉన్నారా?"

"మా అమ్మండి."

"శుక్రవారము ప్రవేశపెట్టుడు."

శుక్రవారం మా అమ్మ పట్టుచీర కట్టింది. విచారణ అంటే పెళ్ళిచూపుల్లాంటిదేదో అనుకున్నట్టుంది. మేడ మెట్ల మీద ఆయాసపడుతూ, కుర్చీ చూపించినా కూర్చోకుండా, పైటకొంగు సర్దుకుని నిలబడింది.

"నామ చరిత్రను వివరింపుము," అన్నారు వాచస్పతి గారు.

"ఏటీ వివరించడం బాబూ, అందరికీ తెలిసిందే గదా. మాయమ్మకి ముందు పుట్టినోల్లు ముగ్గురూ దక్కలేదు. నాను పుట్టగానే నన్ను సేటలో పడుకోబెట్టి, పక్కింటి పోలమ్మకి సేటెడు తవుడుకి అమ్మీసింది. అమ్మీసిన గుంటని, కన్నపిల్లైనా సరే, అమ్మ ముట్టుకోకూడదు. ఎనక్కి తిరిగి సూడకూడదు. కొన్నోల్లే తెచ్చి 'ఈ గుంట మాది, మీరు పెంచిపెట్టండి' అని ఒళ్లో ఎట్టాల. అప్పుడు ఎత్తుకుంటాది. తవుడుకి కొన్న గుంట గదా, యముడు సూసినా 'ఇంత సవక సరుకు నాకేల' అని ఎల్లిపోతాడు. ఎల్లిపోనాడు గూడాను. ఇదిగో, మోకాల్ల నొప్పి తప్ప నాకేటీ లేదు."

వాచస్పతి గారి మొహం వెలిగింది. ఇంత చరిత్ర ఆ గదిలోకి ఇదివరకు రాలేదు. గబగబా రాసుకున్నారు. రాసుకుంటున్నకొద్దీ మొహం మళ్ళీ గెజిట్‌లా అయిపోయింది.

"ఒక్క నిముషము. క్రయవిక్రయము జరిగినది. ప్రతిఫలము తవుడు. ఆ తవుడు ప్రస్తుతము ఎక్కడ ఉన్నది?"

"మా ఆవు తినీసింది."

"ఆవు?"

"సచ్చిపోయింది."

"ధ్రువపత్రము?"

"ఓలమ్మో! ఆవుకి కూడానేటి?"

"వస్తువూ లేదు, వస్తువును భుజించిన పశువూ లేదు," అని వాచస్పతి గారు పైకి చదువుకుంటూ రాశారు. "పోనిమ్ము. కొనుగోలుదారు శిశువును పెంచుటకు మాత్రమే ఇచ్చెను. తిరిగి అమ్మలేదు. కావున చట్టరీత్యా ఈమె ఇప్పటికిని పోలమ్మ గారి సొత్తు. పోలమ్మ గారి వారసులు ఉన్నారా?"

ఉన్నాడు. పోలమ్మ మనవడు బొంతు గవరయ్య రైసుమిల్లు నడుపుతాడు. దాలినాయుడు ఫోన్ చేస్తే, ఒంటినిండా పొట్టుతో బండి మీద వచ్చి వాలాడు.

"ఈమె మీకు ఏమగును?"

"మా మేనత్తండి," అన్నాడు గవరయ్య తడుముకోకుండా. "మా నాయనమ్మ కొన్న పిల్లండి. పండక్కి మా ఇంట్లోంచే చీరెల్లాల. నా పెళ్ళికి హారతి కూడా ఈ అత్తే పట్టింది. ఏమత్తా, ఏటయ్యింది? ఎవుడేటన్నాడు?"

"నన్నేటీ అన్లేదురా. ఆవుని అడుగుతున్నారు," అంది మా అమ్మ.

వాచస్పతి గారు చాలాసేపు రాశారు. చివరికి తల ఎత్తి తీర్పు చెప్పారు. "చరిత్ర ఘనమే. వారసుడి సాక్ష్యము దృఢమే. తవిటమ్మ అను నామము పెద్దామెకు చెల్లును. అభినందనలు."

మా అమ్మ కూడా తనకా పేరు ఇవాళే వచ్చినట్టు సంతోషపడింది. హైమ నా చెయ్యి పట్టుకుంది.

"అయితే," అన్నారు వాచస్పతి గారు. ఆఫీసుల్లో మన పని చెడేది ఎప్పుడూ ఆ మాట దగ్గరే. "ఈ చరిత్ర నాయనమ్మది. శిశువుకు సొంత చరిత్ర ఏది? సదరు శిశువు తవుడునకు విక్రయింపబడినదా?"

"లేదండి," అన్నాను. "ఆస్పత్రిలో పుట్టింది. అక్కడ చేట ఎక్కడిదండి?"

"విక్రయింపబడని శిశువు తవిటమ్మ అని చెప్పుకొనుట వంచన. నేటి సాయంత్రముతో గడువు ముగియును. మేధస్విని అని వ్రాయుచున్నాను."

ఆయన కలం కాగితం మీద ఆనింది. హైమ కళ్ళలోంచి నీళ్ళు వచ్చేశాయి. అంతలో మా అమ్మ చెయ్యి చాపి ఆ కలాన్ని పక్కకు నెట్టేసింది.

"ఆగు బాబూ! అమ్మలేదన్నదే గదా నీ బాద? ఇప్పుడే అమ్మీసుదుం. గవరయ్యా, మిల్లులో తవుడుందేటి?"

"మిల్లులో తవుడు లేకపోడమేటత్తా!" అని గవరయ్య బండెక్కాడు. పది నిముషాల్లో బస్తా, చేట రెండూ తెచ్చేశాడు.

అప్పుడు మొదలైంది అసలు సమస్య. కొనేదెవరు? గవరయ్య ముందుకొచ్చాడు. వాచస్పతి గారు అడ్డుపడ్డారు. "తమరు పెద్దామెను మేనత్త అని ఇప్పుడే ప్రమాణ పూర్వకముగా అంగీకరించిరి. రక్తసంబంధము గాని, తవుడు సంబంధము గాని ఉన్నవారు కొనుగోలుకు అనర్హులు." దాలినాయుడు నేను కొంటానన్నాడు. వాడు హైమ పిన్నమ్మకు ఆడపడుచు కొడుకని తేలింది. కింద రెవెన్యూ గుమస్తాను పిలిచారు. ఆయన నాకు వరసకు బాబాయి. పక్కగది టైపిస్టమ్మది మా అమ్మ పుట్టినూరు. మా ఊళ్ళో ఎవరిని పిలిచినా ఇంతే, ఎక్కడో ఒకచోట తీగ తగులుతుంది. చివరకు ఆ మేడ మీద మాతో ఏ చుట్టరికమూ లేని మనిషి ఒక్కడే మిగిలాడు.

అందరం ఆయనవైపు చూశాం.

వాచస్పతి గారు నిబంధనావళి తిరగేశారు. ఎటు తిరగేసినా ఆయన దగ్గరకే వచ్చింది. గొంతు సవరించుకున్నారు. "విధి నిర్వహణలో భాగముగా, విభాగము పక్షమున, నేనే క్రయము చేయుదును."

మా అమ్మ పిల్లను చేటలో పడుకోబెట్టింది. వాచస్పతి గారు బస్తాలోంచి దోసిళ్ళతో తవుడు తీసి ఆవిడ కొంగులో పోశారు. తెల్లచొక్కా నిండా పొడి. మా అమ్మ పిల్లను ఆయన చేతుల్లో పెట్టి, హైమ రెక్క పట్టుకుని, వెనక్కి చూడకుండా వరండాలోకి నడిచింది. నేనూ వెళ్ళాను. గోడవైపు తిరిగి నిలబడ్డాం.

ఒక నిముషం గడిచింది. లోపల పిల్ల కెవ్వుమంది.

"కార్యక్రమము ముగిసినది. శిశువును స్వీకరింపుడు," అని వాచస్పతి గారి గొంతు వినపడింది.

"మాట సెప్పాల బాబూ," అంది మా అమ్మ గోడతో. "'ఈ గుంట మాది, మీరు పెంచిపెట్టండి' అనాల. అనకుండా మేం ముట్టుకోకూడదు."

"అది అసాధ్యము. విభాగపు ఆస్తిని 'మాది' అని అధికారి ప్రకటించుకొనుట శిక్షార్హము. ఆస్తిని ప్రైవేటు వ్యక్తులకు అప్పగించవలెనన్న టెండరు పిలువవలెను. పత్రికా ప్రకటన..."

ఆ తర్వాతి మాటలు పిల్ల ఏడుపులో కలిసిపోయాయి. నెలలు నిండని పిల్ల అని డాక్టర్లు అనుకున్నారు గాని, గొంతు మాత్రం నిండుగానే ఉంది. కింద పన్నులు కట్టడానికి వచ్చినవాళ్ళు కూడా మెట్లెక్కి తొంగి చూడసాగారు. హైమ గోడకు నుదురు ఆనించింది. పాలు వచ్చి జాకెట్టు తడిసిపోతోంది. "అత్తా, పిల్ల ఆకలికి ఏడుస్తోందత్తా, నేను వెళ్తాను," అంది. మా అమ్మ రెక్క వదల్లేదు. ఆవిడ కళ్ళలోనూ నీళ్ళున్నాయి. "ఇన్నాల్లు ఓర్సుకున్నావు తల్లీ, ఇంకాసేపే. ఇప్పుడు ముట్టుకుంటే అమ్మినట్టు కాదు," అంది. నమ్మకాలు నాకు పెద్దగా లేవు. కానీ నిజం చెబుతున్నాను, ఆ క్షణాన వెనక్కి తిరిగి చూసే ధైర్యం నాకూ లేకపోయింది.

లోపలి నుంచి దాలినాయుడు వ్యాఖ్యానం వినపడుతోంది. "సార్, తల కింద సెయ్యి ఎట్టండి. అలగ కాదు సార్. సార్, నిబంధనావళి మీద... అయిపోయింది సార్. మొత్తం తడిసిపోనాది."

"అది... సదరు శిశువు... దాలినాయుడూ, ఏదేని వస్త్రము... ఊరుకొనుము శిశువా, ఊరుకొనుము." తర్వాత ఇంకో గొంతు వినపడింది. అది ఎవరిదో నాకు మొదట అర్థం కాలేదు. "అయ్య బాబోయ్! ఊరుకోవే తల్లీ! ఊరుకోవే బంగారం! ఎంత ఆకలేసిందో ఏంటో పాపం! ఇదుగో, తవిటమ్మా, ఇటు చూడవే, ఇటు చూడు, తవిటమ్మా!"

వాచస్పతి గారు వరండాలోకి పరిగెత్తుకొచ్చారు. మీసం నిండా తవుడు. చొక్కా ముందంతా తడి. రెండు చేతులా పిల్లను గుండెకు హత్తుకుని ఉన్నారు. హైమ ఎదుటికి వచ్చి ఆగిపోయారు. ఆయన కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

"ఏవమ్మా, ఈ పిల్ల మాదేనమ్మా," అన్నారు. "కొనుక్కున్నాం, మాదే. నా వల్ల కావట్లేదు తల్లీ. నువ్వు పెంచిపెట్టు. నీకు పుణ్యవుంటాది, నువ్వే పెంచిపెట్టు."

హైమ పిల్లను లాక్కున్నట్టే అందుకుంది. మెట్ల మీద జనం చప్పట్లు కొట్టారు. మా అమ్మ కొంగులో తవుడు ఒలికిపోకుండా ముడేసుకుంది.

జనన ధ్రువీకరణ పత్రం అప్పుడే రాశారు. నామము: తవిటమ్మ. చరిత్ర: ప్రాధికారి సమక్షమున, ప్రాధికారి చేతనే క్రయము. అర్థము అనే గడి దగ్గర కలం ఆగింది. ఆయన మూలనున్న నిఘంటువు వంక చూసి, దాన్ని ముట్టుకోకుండా, హైమను అడిగారు.

"ఆ రోజేదో అన్నావు కదమ్మా? మళ్ళీ చెప్పు."

పిల్లకు పాలిస్తూ గోడవైపు తిరిగి కూర్చున్న హైమ, అటే తిరిగి చెప్పింది. ఆయన రాశారు: 'ఈ పిల్ల బతకాలి.'

"అది ఆకాంచ్చ కదా సార్?" అన్నాడు దాలినాయుడు.

"నువ్వూరుకోవోయ్," అన్నారు వాచస్పతి గారు.

ఈ సంగతి ఊరంతా పాకింది. మర్నాటి నుంచి మేడ మెట్ల మీద తవుడు బస్తాలతో తల్లులు బారులు తీరారు. అర్థం వెతకక్కర్లేదు, నిఘంటువు చూడక్కర్లేదు, చేటెడు తవుడుతో పని అయిపోతోంది. మేధస్వినుల తల్లులు నలుగురూ కూడా వచ్చారు. కొనడానికి అర్హుడు వాచస్పతి గారొక్కరే. ఆయన కొన్నకొద్దీ ఊళ్ళో చుట్టరికాలు పెరిగాయి. ఎవరింటికి వెళ్ళినా అన్నయ్యగారూ, బాబాయిగారూ అని కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చేవారు. చివరకు ఆయనతో తవుడు సంబంధం లేని ఇల్లే లేకుండా పోయింది. బంధువుల దస్త్రాలు అధికారి చూడరాదని ఆయనే రాసుకున్న నిబంధన ఒకటుంది. ఒకరోజు పొద్దున్నే ఆ నిబంధన ప్రకారం తన మీద తానే నోటీసు జారీ చేసుకుని, తానే అందుకుని, సంతకం పెట్టి, గదికి తాళం వేశారు. దోమల నివారణ విభాగం మళ్ళీ ఆ గదిలోకే వచ్చింది. వాచస్పతి గారిని అందులోనే వేశారు.

అయితే మా పిల్ల విభాగం ఆస్తి అన్న మాట కాగితాల్లో అలాగే ఉండిపోయింది. కొట్టేసేవాళ్ళు లేరు. అందుకని వాచస్పతి గారు నెలనెలా తనిఖీకి వస్తారు. ఒక చేతిలో కాగితాల అట్ట, ఇంకో చేతిలో గిలక్కాయ. మా అమ్మ ఆయన్ను తమ్ముడూ అంటుంది. తనిఖీ ఎక్కువసేపు సాగితే భోజనం కూడా ఇక్కడే.

మొన్నటి తనిఖీలో, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నివేదిక పైకి చదువుతూ రాసుకున్నారు. "సదరు ఆస్తి సురక్షితముగా ఉన్నది. క్రింది దవడయందు రెండు దంతములు వచ్చినవి. అధికారి వేలిని కొరికినది. బోసి నవ్వు ఇకమీదట లేదు." తర్వాతి గడి దగ్గర ఆగి తల ఎత్తారు. "ఆస్తి విలువ అని అడుగుతోందక్కయ్యా. ఏం రాయమంటావ్?"

నేను నోరు తెరిచాను. హైమ కూడా ఏదో అనబోయింది. మా అమ్మ మా ఇద్దరినీ కళ్ళతోనే ఆపింది.

"సేటెడు తవుడు," అంది పైకి, వీధి దాకా వినపడేటట్టు. "మరేటి రాస్తావు?"

వాచస్పతి గారు పిల్ల వంక చూశారు, వీధి గుమ్మం వంక చూశారు. "అంతేనక్కయ్యా, అంతకన్నా ఏముంటుందీ!" అని తనూ గట్టిగానే అని, అలాగే రాసుకున్నారు.